‘మనం’లో ఎవరెవరున్నారు?

1560లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో ఒక వ్యాకరణం అచ్చయింది. రాసినవాడు దొమింగో దె శాంతో తోమాస్ అనే డొమినికన్ సన్యాసి. భాష, పెరూలోని కెచువా. అందులో ఉత్తమ పురుష బహువచనానికి రెండు మాటలున్నాయి: ఎదుటి మనిషిని కలుపుకుంటే ‘ఞుఖంచిక్’, వదిలేస్తే ‘ఞుఖయ్కు’. స్పానిష్‌లో రెండింటికీ ఒకటే మాట. ఈ తేడాను ఆయన ఐరోపావాళ్లకు విడమరిచి చెప్పాడు. మొదటిదానికి ఇన్‌క్లూజివ్, రెండోదానికి ఎక్స్‌క్లూజివ్ అన్న పేర్లు తర్వాత స్థిరపడ్డాయి.

ఇన్‌క్లూజివ్ పుట్టుక చూడండి. లాటిన్‌లో ‘క్లౌదెరె’ అంటే మూయడం. ‘ఇంక్లూదెరె’ అంటే లోపల పెట్టి మూయడం. మన 11వ పంచవర్ష ప్రణాళిక (2007-12) చెప్పిన ఇన్‌క్లూజివ్ గ్రోత్ తెలుగు పత్రికల్లో ‘సమ్మిళిత వృద్ధి’ అయింది. సమ్మిళితంలో కలయిక ఉంది గానీ మూసిన తలుపు లేదు.

నిజానికి కలుపుకోవడానికీ వదిలేయడానికీ ఉన్న ఈ తేడా తెలుగువాళ్లకు పుట్టుకతోనే తెలుసు. “మేం భోంచేస్తున్నాం” అంటే వచ్చినవాడు అరుగు మీద కూర్చోవాలి. “మనం భోంచేద్దాం” అంటే ఇంకో విస్తరి వేసినట్టే. 1856లో వెలువడిన తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో కాల్డ్‌వెల్ ఈ రెండు బహువచనాలనూ చర్చించాడు. తమిళానికి నాం, నాంగళ్ ఉన్నాయి. నేటి కన్నడం ఒక్క ‘నావు’తో సరిపెట్టుకుంది. తెలుగులో క్రియ కూడా సాయం రాదు: మేం వెళ్తాం, మనం వెళ్తాం. బరువంతా ఆ చిన్న సర్వనామం మీదే.

అమెరికాలో పెరుగుతున్న మా మేనకోడలి కొడుక్కి ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క ‘వీ’. మొన్న వీడియో కాల్‌లో నేను చూస్తుండగానే “అమ్మా, మేము ఇండియా ఎప్పుడెళ్తాం?” అన్నాడు. చపాతీ ఒత్తుతున్న తల్లి ఆగి, “నన్నొదిలేసి వెళ్తావా నాన్నా?” అంది. వాడు బిక్కమొహం వేసి “మనం, మనం” అంటూ ఆమె కాళ్లు చుట్టేశాడు. ఆ క్షణం నా భాష మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

‘మనం’ అన్న ఆ మాటకే ఇంకో వాడుక ఉంది. అద్దె ఇంటి కోసం తిరిగే రోజుల్లో ఒక పెద్దాయన గదులన్నీ చూపించాడు, నీళ్లు ఎన్నింటికి వదులుతారో చెప్పాడు. నేను మెట్లు దిగుతుండగా, వెంట వచ్చిన మిత్రుణ్ణి గుమ్మంలో ఆపి గొంతు తగ్గించి అడిగాడు: “మనవాళ్లేనా?”

వ్యాకరణం ప్రకారం అందులో ఆయనున్నాడు, నా మిత్రుడున్నాడు. నేను కింద చెప్పులు వేసుకుంటున్నాను.