శబ్దానికి పగ్గాలు

తంబురా తీగెను మెల్లగా మీటి, ఆ నాదం పూర్తిగా అణగిపోయేదాకా చెవి ఒగ్గి వినండి. తరవాత పెళ్లి ఊరేగింపులో డోలు పక్కన నిలబడండి. రెండూ మీకు వినిపిస్తాయి. ఒకదానికొకటి మధ్యలో మీరు ఏ మీటా తిప్పుకోనక్కర్లేదు. గుసగుస దాదాపు 30 డెసిబెళ్లు. డోలును దగ్గరగా వింటే 100 దాకా పోతుంది. తేడా 70 డెసిబెళ్లేగా అనుకోకండి. డెసిబెల్ లెక్క గమ్మత్తయినది. పది డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా శబ్ద తీవ్రత పది రెట్లవుతుంది. ఆ లెక్కన 70 డెసిబెళ్ల తేడా అంటే అక్షరాలా కోటి రెట్లు!

చెవి అవలీలగా చేసే ఈ పనిని తీగె చేత, గాలిలోని రేడియో తరంగం చేత, లక్క రికార్డు మీది గాడి చేత చేయించబోయినప్పుడు ఇంజనీర్లకు తలనొప్పి మొదలైంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు 40 డెసిబెళ్ల తేడాను మోయగలిగితే గొప్ప. శబ్దం మరీ చిన్నదయితే ముల్లు చేసే బరబరలో కలిసిపోతుంది. మరీ పెద్దదయితే గాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది, ముల్లు ఎగిరిపడుతుంది. మీడియం వేవ్ రేడియోదీ ఇదే గతి. పాట తీవ్రత ఒక హద్దు దాటితే ట్రాన్స్‌మిటర్ పంపే తరంగం క్షణక్షణం తెగిపోతుంది. మాట గరగరలాడటమే కాదు, ఆ చెత్త పక్క స్టేషను మీద కూడా పడుతుంది.

మరి ఏం చేశారు? మొదట్లో ఒక మనిషిని కూర్చోబెట్టారు. వాద్యబృందం విజృంభించబోతోందంటే అతను మీటను కాస్త తగ్గిస్తాడు, ఒంటి వేణువు మొదలవుతోందంటే పెంచుతాడు. సంగీతం తెలిసినవాడు స్వరలిపి ఎదురుగా పెట్టుకుని ఈ పని చక్కగానే చేస్తాడు. కానీ ఎంత చురుకైనవాడైనా చెవిన పడ్డ శబ్దానికి చెయ్యి కదలడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. డోలు దెబ్బ ఉచ్ఛస్థితి అందులో ఇరవయ్యో వంతు కాలంలోనే అయిపోతుంది. చెయ్యి కదిలేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది.

మీట తిప్పే పనిని శబ్దానికే అప్పగిస్తే? ఈ ఆలోచన ముందు స్టూడియోలో కాదు, ఇంట్లో రేడియో సెట్టులో పుట్టింది. 1925లో అమెరికన్ ఇంజనీరు హరాల్డ్ వీలర్ ఒక సర్క్యూట్ తయారుచేశాడు. దగ్గరి స్టేషను హోరెత్తకుండా, దూరపు స్టేషను నీరసించకుండా, వచ్చిన సంకేతం బలాన్నిబట్టి సెట్టు తన శక్తిని తానే హెచ్చుతగ్గులు చేసుకుంటుంది. 1929లో ఫిల్కో కంపెనీ దీన్ని తన రేడియోలో పెట్టి అమ్మింది.

తరవాతి మెట్టు అట్లాంటిక్ సముద్రం మీద పడింది. న్యూయార్కు, లండన్ల మధ్య రేడియో టెలిఫోను 1927లో మొదలైంది. మెరుపుల వల్ల పుట్టే చిటపటల్లో మెల్లగా మాట్లాడేవారి గొంతు మునిగిపోయేది. బెల్ ఇంజనీర్లు ఒక ఉపాయం పన్నారు. పంపే చోట 60 డెసిబెళ్ల వ్యాప్తి ఉన్న మాటను 30 డెసిబెళ్లకు కుదించి, అందుకునే చోట మళ్లీ 60కి సాగదీశారు. ప్రయాణంలో చిన్న శబ్దం పెద్దదై చిటపటల కంటే పైన తేలుతుంది. గమ్యం చేరాక తన అసలు రూపానికి వస్తుంది. 1932 నుంచి వాడకంలోకి వచ్చిన ఆ పరికరం పేరు కంపాండర్. కంప్రెసర్, ఎక్స్‌పాండర్ అనే రెండు మాటల్ని అతికిస్తే వచ్చిన పేరు. ఇది గుర్తుంచుకోండి, మన దేశంలో మళ్లీ ఎదురవుతుంది.

ఇక్కడ కంప్రెసర్ అంటే ఫ్రిజ్ వెనకాల గుర్రుమనేదీ, పంక్చర్ షాపులో గాలి కొట్టేదీ కాదని వేరే చెప్పక్కర్లేదు. అది గాలిని అదిమితే, ఇది పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ ఉన్న దూరాన్ని అదుముతుంది.

ఎలాగో చూద్దాం. టీవీ ఎదుట రిమోట్ పట్టుకుని తాతయ్య కూర్చున్నాడనుకోండి. శబ్దం ఎంతకు చేరితే ఆయనకు చిరాకు వస్తుంది? ఆ గీతను ఇంజనీర్లు థ్రెషోల్డ్ అంటారు. గీత దాటినదాన్ని ఎంతకు తగ్గిస్తాడు? అది రేషియో. 4:1 అని పెడితే, గీతను 12 డెసిబెళ్లు దాటవలసిన శబ్దం 3 మాత్రమే దాటుతుంది. రేషియో చాలా ఎక్కువైతే గీత గోడ అవుతుంది, దాన్ని లిమిటర్ అంటారు. ఎంత చురుగ్గా బటను నొక్కుతాడన్నది అటాక్. హోరు తగ్గాక ఎంతసేపటికి మళ్లీ పెంచుతాడన్నది రిలీజ్. పని నేర్చుకునేవారు మొదటి రెంటి మీదే దృష్టి పెడతారు. కానీ విద్య అంతా చివరి రెంటిలోనే ఉంది. అటాక్ మరీ చురుకైతే డోలు దెబ్బలోని పదును పోయి అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. రిలీజ్ మరీ తొందరైతే గాయకుడు మాట ఆపగానే వెనకాల ఫ్యాను హోరు ఉప్పెనలా పైకి లేస్తుంది.

1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 110ఏ అనే లిమిటర్‌ను రేడియో స్టేషన్లకు అందించింది. ఇది ట్రాన్స్‌మిటర్ రక్షణకు వచ్చిన కాపలాదారు. అయితే స్టేషన్ల వాళ్లు త్వరలోనే మరో సంగతి కనిపెట్టారు. శిఖరాలను అణిచేస్తే మొత్తం పాటను ఇంకాస్త పైకి ఎత్తవచ్చు. సగటు మట్టం 3 డెసిబెళ్లు పెరిగిందంటే ఆ మేరకు ట్రాన్స్‌మిటర్ శక్తిని రెట్టింపు చేసినట్టే! పైసా ఖర్చులేకుండా స్టేషను గొంతు పెద్దదైంది. కాపలాకు వచ్చినవాడు కుస్తీకి దిగడం అప్పుడే మొదలైందని నా ఉద్దేశం.

రికార్డింగ్ స్టూడియోల కథలో మూడు పెట్టెల్ని చెప్పుకోవాలి. మొదటిది ఫెయిర్‌చైల్డ్ 670. ఎస్టోనియాలో పుట్టి అమెరికా చేరిన రైన్ నార్మా దీన్ని 1950ల చివర రూపొందించాడు. 20 వాక్యూమ్ ట్యూబులు, సుమారు 30 కిలోల బరువు. రికార్డు గాడి కోసే ముల్లు హద్దు మీరకుండా చూడటం దీని ఉద్యోగం. కానీ దీని సోదరి 660ని లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియో ఇంజనీర్లు 1966లో బీటిల్స్ డ్రమ్ముల మీద కావాలనే గట్టిగా బిగించారు. డ్రమ్ములు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వినిపించాయి. లోపం అనదగిన గుణం అలంకారం అయింది.

రెండోది 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో జిమ్ లారెన్స్ చేసిన ఎల్‌ఏ-2ఏ. నాకు ఈ కథలో అన్నిటికంటే ముచ్చటైనది ఇదే. ఇందులో పాటకు అనుగుణంగా ఒక చిన్న పలక వెలుగుతుంది. దానికి ఎదురుగా కాడ్మియం సల్ఫైడ్ నిరోధకం ఉంటుంది. పాట పెరిగితే వెలుగు పెరుగుతుంది, వెలుగు పెరిగితే నిరోధం తగ్గుతుంది, దాంతో పాట తగ్గుతుంది. ఆ నిరోధకానికి వెలుగును ఠక్కున మరచిపోవడం చేతకాదు. సగం తొందరగా, మిగతా సగం కొన్ని సెకన్లపాటు నింపాదిగా మరచిపోతుంది. పదార్థంలోని ఆ బద్ధకమే మనిషి గొంతుకు అమోఘంగా సరిపోయింది.

మూడోది 1967లో బిల్ పుట్నమ్ తెచ్చిన 1176. ట్యూబు స్థానంలో ట్రాన్సిస్టరు వచ్చింది, సెకనులో 50 వేలవ వంతులో స్పందించే చురుకుదనం వచ్చింది. ఈ మూడూ పాతబడినా పోలేదు. ఇప్పటి కంప్యూటర్లలో వీటి నకళ్లు సాఫ్ట్‌వేరుగా బతుకుతున్నాయి.

స్టూడియోలో నప్పినది మైదానంలో నప్పుతుందా? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని తగ్గించాక, తగ్గినంత మేర మొత్తాన్ని పైకెత్తుతాం. అంటే గాయని మౌనంగా ఉన్న క్షణంలోనే మైకు శక్తి అత్యధికంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే సౌండు బాక్సు శబ్దం మైకులోకి దూరి, మళ్లీ బాక్సుకు చేరి, కుయ్యిమని కూత పెడుతుంది. ఇంకొకటి. గాయని తన పక్కన పెట్టిన బాక్సులో తన గొంతునే వింటూ పాడుతుంది. అందులోకి కూడా అదిమిన శబ్దాన్నే పంపితే, ఎంత గట్టిగా పాడినా పెరగడం లేదే అని ఇంకా గట్టిగా పాడి గొంతు పాడుచేసుకుంటుంది. అందుకే తెలిసిన ఇంజనీర్లు బహిరంగ సభల్లో కంప్రెసర్‌ను పొదుపుగా వాడతారు, లిమిటర్‌ను మాత్రం స్పీకర్లు కాలిపోకుండా చివర్లో కాపలా ఉంచుతారు. వేదిక మీద ఎక్కువ మైకులున్నప్పుడు గేటు అనే మరో తోబుట్టువు అవసరపడుతుంది. ఇది గీతకు కింద ఉన్న శబ్దాన్ని అడ్డుకుంటుంది. డ్రమ్ము మోగినప్పుడు తలుపు తెరుచుకుంటుంది, మోగనప్పుడు మూసుకుంటుంది.

ఇప్పుడు చండీగఢ్ వెళ్దాం. అక్కడి కేంద్రీయ శాస్త్ర పరికరాల సంస్థలో 1963 నుంచి 1965 దాకా యునెస్కో సలహాదారుగా ఒక అమెరికన్ యువకుడు పనిచేశాడు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందినవాడు, అంతకు ముందే వీడియో టేప్ రికార్డరు తయారీలో పాలుపంచుకున్నవాడు. పేరు రే డాల్బీ. సినిమాహాలు తెర మీద మీరు చూసిన ఆ డాల్బీయే. టేపు రికార్డరు వెంట తెచ్చే బుస్సుమనే రొదను ఎలా వదిలించుకోవాలన్న ఆలోచన ఆయనకు మన దేశంలో ఉన్న రోజుల్లోనే మొలకెత్తింది.

పాత కంపాండర్ సూత్రాన్నే ఆయన తీసుకున్నాడు, కానీ ఒక మెలిక పెట్టాడు. కంపాండర్ సంగీతం మీద ఎందుకు విఫలమయ్యేదంటే, పెద్ద శబ్దాన్ని కూడా అది కెలికేది. పాటతోపాటు రొద పైకీ కిందికీ ఊగేది. డాల్బీ పెద్ద శబ్దాన్ని ముట్టుకోలేదు. పెద్ద శబ్దం ఉన్నచోట చెవికి రొద ఎలాగూ వినిపించదు కదా! చిన్న శబ్దాన్ని మాత్రమే రికార్డు చేసేటప్పుడు పెంచి, వినేటప్పుడు అంతే తగ్గించాడు. దాంతోపాటు రొదా తగ్గింది. పైగా స్థాయిలను నాలుగు పట్టీలుగా విడదీసి దేని పని దానికి అప్పగించాడు. 1965లో లండన్‌లో ప్రయోగశాల పెట్టాడు. 1966లో డెక్కా రికార్డుల కంపెనీ తొలి కొనుగోలుదారు అయింది. రొద 10 డెసిబెళ్లు, అంటే తీవ్రతలో పదో వంతుకు పడిపోయింది. 1968లో క్యాసెట్లకు సరిపడే చిన్న రకం వచ్చింది. మీ ఇంట్లో పాత టేప్ రికార్డరు ఉంటే దాని మీద రెండు 'డి' అక్షరాలు ఎదురెదురుగా నిలబడ్డ గుర్తు ఉందేమో వెతకండి.

కుదించి సాగదీసే విద్య టెలిఫోనులోకీ తిరిగి వచ్చింది. మన డిజిటల్ ఎక్స్చేంజీలు మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాసే పద్ధతి పేరు ఏ-లా. చిన్న శబ్దానికి దగ్గర దగ్గరగా, పెద్ద శబ్దానికి దూరదూరంగా మెట్లు కడతారు. అదీ కంపాండరే.

ఇంతవరకూ ఈ యంత్రం ఇరుకు దారిలోంచి సంగీతాన్ని క్షేమంగా దాటించే పడవ. 1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చాక దారి విశాలమైంది. దానికి 96 డెసిబెళ్ల వ్యాప్తి ఉంది. తంబురా నుంచి డోలు దాకా అన్నీ పడతాయి. ఇక అదమవలసిన అగత్యం లేదు. కానీ జరిగింది తలకిందులు. చెవి బిగ్గరతనాన్ని కొలిచేది శిఖరాన్ని చూసి కాదు, సగటును చూసి. పక్కవాడి పాట కంటే మన పాట బిగ్గరగా వినిపించాలంటే శిఖరాలు నరికి సగటు ఎత్తాలి. 1994లో రాబోయే శిఖరాన్ని ముందే పసిగట్టి అణిచే ఎల్1 అనే డిజిటల్ లిమిటర్ వచ్చాక ఈ పోటీకి పట్టపగ్గాలు లేవు. 2008లో మెటాలికా బృందం 'డెత్ మాగ్నెటిక్' ఆల్బమ్‌ను ఎంతగా అదిమారంటే, అభిమానులే మళ్లీ మిక్స్ చేయమని అర్జీ పెట్టుకున్నారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో అంత అదమకుండా వచ్చాయి, జనం రెంటినీ పోల్చి చూశారు.

సినిమా మధ్యలో ప్రకటన రాగానే మీరు రిమోట్ కోసం తడుముకునేది ఇందుకే. ప్రకటన శిఖరం సినిమా శిఖరాన్ని దాటనక్కర్లేదు. శిఖరానికి దిగువన లోయలు లేకపోతే చాలు. మన 1994 నాటి కేబుల్ టీవీ నియమాలు ప్రకటన అతిగా బిగ్గరగా ఉండకూడదన్నాయి. కానీ 'బిగ్గర'ను కొలిచేదెలా? శిఖరాన్ని చూపే మీటరు ముందు ప్రకటన నిర్దోషి. చెవి వినే తీరును అనుసరించి సగటును కొలిచే అంతర్జాతీయ సూత్రం 2006లో వచ్చింది. దాని ఆధారంగా 2010లో ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య ప్రమాణం నిర్ణయించింది. అదే ఏడు అమెరికా ప్రకటనల మీద చట్టం చేసింది. ఇంటర్నెట్ పాటల సర్వీసులూ ఇలాంటి కొలతతోనే పాటలన్నిటినీ ఒక మట్టానికి తెస్తున్నాయి. అక్కడ అదిమిన పాటకు దక్కేది శిక్షే. దాని సగటు ఎక్కువ కాబట్టి మొత్తంగా తగ్గిస్తారు, అప్పుడది పక్క పాట ముందు చప్పగా ఉంటుంది.

చెవి సంగతి కూడా ఉంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. ఈ లెక్కలో పడేదీ సగటే. లోయలు పూడ్చేసిన పాటను అదే శిఖరంతో వింటే చెవికి దక్కే విరామం తగ్గుతుంది, మోతాదు పెరుగుతుంది.

మీ కళాశాల కంప్యూటర్‌లో ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఒక ప్రయోగం చేయండి. 1960ల నాటి పాట ఒకటి, నిన్నమొన్నటి హుషారు పాట ఒకటి అందులో తెరవండి. ఒకటి కొండలూ లోయలుగా, మరొకటి ఇటుకలా కనిపించే అవకాశం ఉంది. రెండూ చెవికి సమానంగా వినిపించేట్టు మీటలు సర్ది, మొదటి చరణం నుంచి చివరిదాకా వినండి. ఏ పాటకు ముందుగా చెయ్యి మీట మీదికి పోయిందో గమనించండి.