హారాలు కలిపిన మహావీరుడు

ముప్పాతికలోంచి సగం తీసేస్తే ఎంత? పాతిక అని ఏ కొట్టువాడైనా తడుముకోకుండా చెబుతాడు. అదే లెక్కను 3/4 – 1/2 అని బోర్డు మీద వేస్తే, పై అంకెలోంచి పై అంకె, కింది అంకెలోంచి కింది అంకె తీసేసి 2/2, అంటే ఒకటి, అని రాసే పిల్లలు ఉంటారు. ముప్పాతిక కంటే మిగిలిందే ఎక్కువైపోయింది! ముక్కల సైజు ఒకటి కానప్పుడు ముక్కల సంఖ్యలోంచి సంఖ్యను తీసేయడం కుదరదు. ముందు రెండింటినీ ఒకే సైజుకు తేవాలి. ఈ సంగతి మనిషికి మూడున్నర వేల ఏళ్ల కిందటే తెలుసు.

ఎర్ర సిరా అంకెలు

క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఆహ్మెస్ అనే ఈజిప్టు లేఖకుడు అంతకంటే పాత ప్రతి చూసి రాసిన పాపిరస్ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక లెక్క: 2/3, 1/15 కలిసి ఒకటి కావడానికి ఇంకా ఎంత కావాలి? ఆహ్మెస్ మొత్తాన్ని 15 భాగాలుగా తీసుకున్నాడు. 2/3కు 10, 1/15కు 1 అని ఎర్ర సిరాతో వేశాడు. మొత్తం 11 పోగా మిగిలినవి 4. ఆ నాలుగు భాగాలనే 1/5, 1/15 అని విడదీసి జవాబు రాశాడు. ఉమ్మడి హారం అన్న మాట లేదు కానీ, పని జరిగిపోయింది.

నిరుద్ధం

మన దేశంలో బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే ఒక భిన్నం హారంతో రెండోదాన్ని గుణించే పద్ధతి చెప్పాడు. 7/12 – 5/18 తీసుకోండి. 7ను 18తో, 5ను 12తో గుణిస్తే 126, 60. హారం 216. తీసివేస్తే 66/216. ఆరుతో కొట్టేస్తే 11/36. జవాబు సరైనదే, కానీ శ్రమ ఎక్కువ.

ఆ శ్రమను తగ్గించినవాడు మహావీరాచార్యుడు. మాల్‌ఖేడ్ రాజధానిగా ఏలిన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, ఈ జైన పండితుడు ‘గణిత సార సంగ్రహం’ రాశాడు. అందులో భిన్నాల కోసమే ‘కళాసవర్ణ’ వ్యవహారం అనే అధ్యాయం ఉంది. హారాల్లో ఉమ్మడిగా ఉన్న కారణాంకాన్ని ముందే బయటికి తీయమన్నాడు. 12, 18 రెండింటిలోనూ 6 ఉంది. మిగిలేవి 2, 3. ఈ మూడింటి లబ్ధం 36. దానికి ఆయన పెట్టిన పేరు నిరుద్ధం. ఇప్పుడు 7ను 3తో, 5ను 2తో గుణిస్తే 21, 10. తేడా 11. జవాబు 11/36. మన బడుల్లో చెప్పే క.సా.గు. ఇదే.

ఈ గ్రంథాన్ని ‘సార సంగ్రహ గణితము’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు. 1912లో ఎం. రంగాచార్యులు మూల గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చు వేయించాక, మహావీరుడి పేరు ప్రపంచానికి తెలిసింది.

అణాల్లో దాగిన హారం

బడి ముఖం చూడనివాళ్లు కూడా ఈ లెక్కలు చేశారు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. ముప్పాతిక రూపాయంటే 12 అణాలు, అర్ధరూపాయంటే 8 అణాలు, తీసేస్తే 4 అణాలు. 16 అనే ఉమ్మడి హారం నాణేల్లోనే ఉంది కాబట్టి సంతలో ఎవరూ తికమకపడలేదు.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. క.సా.గు.ను కంఠస్థం చేయించే ముందు, ఒకే లెక్కను రెండు దారుల్లోనూ పిల్లలతో చేయించండి. 216, 36 పక్కపక్కన కనిపించినప్పుడు ఆ సూత్రం ఎందుకు పుట్టిందో వాళ్లకే తెలుస్తుంది. కారణం తెలిసిన సూత్రాన్ని పిల్లలు మరచిపోరు. ఆ పాఠం చెప్పే రోజున మహావీరుడి పేరూ, మల్లన పేరూ ఒక్కసారి తలవండి.