ఓయిసో: విడిది తీరం నుంచి ఉద్యోగుల ఊరి దాకా

టోక్యోకు నైరుతిగా, రైలు దారిలో సుమారు 68 కిలోమీటర్ల దూరాన, సగామి అఖాతం ఒడ్డున ఉన్న చిన్న పట్టణం ఓయిసో. ఎడో యుగంలో ఇది తోకైదో రహదారి మీద ఎనిమిదో మజిలీ. ఈ ఊరి చరిత్రను ఎనిమిది మంది ప్రధానమంత్రుల విడిది ఇళ్ల కథగా చెప్పడం పరిపాటి. అది నిజమే గాని, ఊరు ఎలా పెరిగిందో, ఆ పెద్దలు పోయాక కూడా ఎలా నిలిచిందో ఆ కథ చెప్పదు. జనం ఇక్కడికి మొదట వైద్యానికి, తర్వాత విశ్రాంతికి, చివరికి కాపురానికి వచ్చారు. మూడు దశల్లోనూ ఊరి గతిని నిర్ణయించింది రైలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

మెయిజీ ప్రభుత్వం మజిలీల వ్యవస్థను రద్దు చేశాక, బాటసారుల మీద ఆధారపడి బతికిన ఓయిసో చితికిపోయింది. అలాంటి ఊరిని ఎంచుకున్నవాడు మత్సుమోతో జున్. నాగసాకిలో డచ్చి వైద్యుడు పోంపే దగ్గర చదువుకుని, సైనిక వైద్య విభాగానికి తొలి అధిపతి అయినవాడు. 1885లో తెరుగసాకి రాతి తీరాన సముద్ర స్నానానికి ఏర్పాట్లు చేయించాడు. ఆనాటి స్నానం ఈతా కాదు, సరదా కాదు. ఉప్పునీరు, అలల తాకిడి ఒంటికి మేలు చేస్తాయని నమ్మిన చికిత్స. అయితే రోగి ఇక్కడికి చేరేదెలా? యొకొహామా నుంచి కొజు దాకా వేసిన రైలు మార్గం 1887 జులైలో మొదలైనప్పుడు ఓయిసోకు స్టేషన్ దక్కింది. దాని కోసం మత్సుమోతో అప్పటి ప్రధానమంత్రి ఇతో హిరోబుమి దగ్గర పట్టుబట్టాడని స్థానిక చరిత్ర చెబుతుంది. కబుకి నటులను రప్పించి తీరానికి పేరు తెచ్చాడు కూడా. వైద్యుడికి ప్రచారం విలువ ఇంతగా తెలియడం విశేషమే.

రైలు వచ్చాక రాజకీయ నాయకులు వచ్చారు. రాజధానిలో పని చూసుకుని సముద్రపు గాలికి తిరిగి రావడం సాధ్యమైంది. ఇతో ఇక్కడ సోరోకకు అనే భవనం కట్టించుకుని, 1897లో తన అధికారిక స్వస్థలాన్నే ఓయిసోకు మార్చుకున్నాడు. కొరియా మీద జపాన్ పెత్తనానికి ప్రతినిధిగా పనిచేసిన ఆయన 1909లో హార్బిన్‌లో హత్యకు గురయ్యాడు. తర్వాతి కాలంలో ఆ భవనం, రాజ్యం పోగొట్టుకున్న కొరియా రాజవంశం చేతికి వెళ్లింది. విడిది ఇళ్ల గురించిన రచనలు ఈ మలుపును ఒక వాక్యంలో దాటేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. సామ్రాజ్య చరిత్ర మొత్తం ఆ ఒక్క ఇంటి చేతుల మార్పిడిలో ఉంది.

యుద్ధానంతరం, 1946 నాటి ఆస్తి పన్ను సంపన్నుల ఎస్టేట్లను కుదిపేసింది. స్టేషన్‌కు ఎదురుగానే ఉన్న ఇవాసకి కుటుంబపు విడిది కూడా పన్ను కింద ప్రభుత్వపరమైంది. మిత్సుబిషి స్థాపకుడి మనవరాలు సవాదా మికి దాన్ని తిరిగి కొని, 1948లో ఎలిజబెత్ సాండర్స్ హోమ్ అనే అనాథాశ్రమం నెలకొల్పింది. ఆక్రమణ సేనల సైనికులకు, జపాన్ స్త్రీలకు పుట్టి, ఎవరికీ అక్కర్లేకపోయిన బిడ్డలకు అది ఇల్లయింది. ఏళ్ల తరబడి దాదాపు 2,000 మంది అక్కడ పెరిగారు. ఎందరో అమెరికాకు దత్తు వెళ్లారు. ఓయిసో చరిత్రలో ఇంతకన్నా గొప్ప అధ్యాయం లేదు. ప్రధానుల జాబితా ముందు దీన్ని రెండో వరసలో నిలబెట్టే పద్ధతి మారాలి.

ఉద్యోగుల దశకు 1950ని మొదలుగా తీసుకోవచ్చు. ఆ ఏడాది టోక్యో, నుమాజు మధ్య నారింజ, ఆకుపచ్చ రంగుల షోనన్ విద్యుత్ రైళ్లు నడవసాగాయి. ఇంజను లాగే పాత బండ్లకన్నా ఇవి త్వరగా వేగం పుంజుకునేవి, చివరి స్టేషన్లో ఇంజను మార్చే పనీ తప్పింది. దాంతో రోజూ వెళ్లి రావడానికి వీలు పెరిగింది. 1957లో ఓయిసో లాంగ్ బీచ్ ఈతకొలనులు తెరుచుకున్నాయి. వైద్యం కోసం మొదలైన తీరంలో ఇప్పుడు సందర్శకులు సముద్రం పక్కనే కొలనుల్లో ఈదుతున్నారు. 2001లో షోనన్-షింజుకు మార్గం, 2015లో ఉఎనో-టోక్యో మార్గం రావడంతో బండి మారకుండా షింజుకు, ఉఎనో చేరవచ్చు. టోక్యోకు గంటా పది నిమిషాల ప్రయాణం.

ఇతో కాలంలో ఈ రాకపోకలు పదవి ఉన్నవారికే చెల్లిన సౌకర్యం. నెలవారీ పాసు కొన్న గుమాస్తాకు అది అందడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.