గొంతునొప్పియు పసిమనసును

ఎనిమిదేండ్ల బాలిక భోజనమునకు కూర్చున్నది. మంచినీళ్ల గ్లాసు అందుకొనబోవును. చేయి గ్లాసును దాటిపోవును. మరల వచ్చును, మరల తప్పును. ఎట్లో పట్టుకొని నోటివద్దకు చేర్చులోపల సగము నీరు పరికిణీమీద ఒలుకును. "కుదురుగా ఉండలేవా?" అని తల్లి గద్దించును. దస్తూరి చెడిపోయినదని బడిలో పంతులుగారు బెత్తము చూపుదురు. పది దినములు గడచుసరికి ఆ పిల్ల ఊరక ఏడ్చుచుండును, ఊరక నవ్వుచుండును, రాత్రి ఒంటరిగా పరుండనని మారాము చేయుచుండును. మామ్మగారు గాలి సోకినదందురు, పొరుగువారు దిష్టి యందురు, తండ్రిగారు మొండితనమందురు. మూడు నెలల క్రిందట ఆ పిల్లకు గొంతునొప్పి వచ్చి నాలుగు దినములలో తగ్గిపోయినదను సంగతి ఆ యింట ఎవరికిని జ్ఞప్తి యుండదు.

ఈ రెండు సంగతులకును ముడి యున్నదని వైద్యులు గట్టిగా చెప్పగలుగుటకు రెండువందల డెబ్బది యేండ్లు పట్టినది. అందుకు వారిని తప్పుపట్ట నక్కరలేదు. దెబ్బ తగిలిన చోటనే నొప్పి పుట్టునని నమ్ముట మానవ సహజము. గొంతులో పుట్టిన జబ్బు, గొంతు మానిన పిమ్మట, నెలలు గడచి, వ్రేళ్లలోను తలంపులలోను బయటపడునని ఎవరూహింతురు?

ఐరోపాలో ఈ వ్యాధికి మొదట పడిన పేరే వైద్యులను పెడదారి పట్టించినది. మధ్యయుగములలో అక్కడ జనులు గుంపులు గుంపులుగా, ఆగలేక, రోజుల తరబడి గంతులు వేసిన ఉదంతములు కలవు. 1374లో రైను నదీ ప్రాంతమునను, 1518లో స్ట్రాస్‌బర్గు పట్టణమునను అట్టి గంతుల వెర్రి ప్రబలెను. స్ట్రాస్‌బర్గు అధికారులు ఆ జనులను సెయింట్ వైటస్ అను క్రైస్తవ పుణ్యపురుషుని గుడికి పంపిరి. ఆయన పేరనే దానికి సెయింట్ వైటస్ నాట్యమని వ్యవహారము కలిగినది. గ్రీకు భాషలో నాట్యమునకు గల మాటనుండి వైద్యులు కోరియా అను పదమును గైకొనిరి. ఆ గుంపుల వెర్రి వేరు, పిల్లల వ్యాధి వేరు. కాని పేరు ఒక్కటే యగుటచేత పిల్లలను చూచినవారికి దైవకోపమో, దయ్యమో, నటనయో స్ఫురించెడిది గాని జబ్బు స్ఫురించెడిది కాదు. మన పల్లెలలో గాలి, ధూళి అను మాటలు చేసిన పనినే అక్కడ ఆ పేరు చేసినది.

లండనులో వైద్యము చేయుచుండిన థామస్ సిడెన్‌హామ్ (1624-1689) పుస్తకములకంటె రోగి మంచమునే ఎక్కువ నమ్మిన మనిషి. యౌవనమున క్రామ్‌వెల్ పక్షమున చేరి యుద్ధమునకు పోయినవాడు. 1686లో ఆయన ప్రకటించిన యొక చిన్న గ్రంథములో ఈ వ్యాధి యచ్చముగా కన్నులకు కట్టినట్లు వర్ణింపబడినది. ఇది పదేండ్లు మొదలు యౌవనారంభము వరకు గల బాలబాలికలకు వచ్చునని, ముందు ఒక కాలు ఈడ్చుదురని, పిదప ఆ వైపు చేయి ఒక్క క్షణమైనను ఒక్క చోట నిలువదని చెప్పెను. పానపాత్రను నోటికి తెచ్చుకొనుటకు ఆ పిల్లలు గారడీవానివలె నానా విన్యాసములు చేసి, ఎట్లో పెదవికి తగిలిన తోడనే గుటుక్కున మ్రింగుదురట. చూచువారిని నవ్వించుటకే అట్లు చేయుచున్నారనిపించునని కూడ ఆయన గమనించెను. ఆ యనిపించుటయే ఎందరో పిల్లలకు దెబ్బలు తెచ్చిపెట్టినది. చికిత్స మాత్రము ఆనాటి యాచారము ననుసరించి రక్తము తీయుటయు విరేచనములును. విచిత్రమేమనగా, కీళ్లవాతమును గూర్చి కూడ చక్కగా వ్రాసిన యా మహావైద్యునికి ఈ రెండు వ్యాధులును తోబుట్టువులను సంగతి తట్టలేదు. నేడు మనము సిడెన్‌హామ్ కోరియా అనునది ఆయన పేరిటిదే.

ఆ చుట్టరికమును పట్టుకొన్నది పందొమ్మిదవ శతాబ్ది. పిల్లల మోకాళ్లు, చీలమండలు వాచి, జ్వరము వచ్చి, పోవుచు పోవుచు గుండె కవాటములను చెరచిపోవు జబ్బునే కీళ్లవాత జ్వరమందుము. ఇంగ్లండులో రిచర్డ్ బ్రైట్ 1831లోను, ప్యారిసులో జెర్మాన్ సే 1850లోను ఈ జ్వరమునకును కోరియాకును గల పొత్తును చూపిరి. 1866లో హెన్రీ రోజే, కీళ్లు, గుండె, చేతుల వణకు మూడును ఒకే వ్యాధికి మూడు ముఖములని వాదించెను. 1894లో విలియం ఆస్లర్ ఫిలడెల్ఫియాలోని యాసుపత్రిలో చేరిన వందలకొలది రోగుల వివరములు గ్రుచ్చి కోరియామీద ఒక పుస్తకమే వ్రాసెను. వణకుతోపాటు పిల్ల స్వభావమే మారునని, చిరాకు, చపలత్వము కలుగునని వైద్యులు అప్పటికే ఎరుగుదురు. కాని దానిని జబ్బుకు తోకగా భావించిరే తప్ప, జబ్బులో భాగమని పట్టించుకొనలేదు.

ఇచ్చట ఒక భయంకరమైన కథ చెప్పక తప్పదు. సూక్ష్మజీవులు కనుగొనబడిన యుత్సాహములో, మనోవ్యాధులన్నియు శరీరములో దాగిన చీమువలననే కలుగునను సిద్ధాంతము బయలుదేరెను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ట్రెంటను మానసిక వైద్యశాలకు 1907లో అధిపతియైన హెన్రీ కాటన్ ఆ సిద్ధాంతమును పట్టుకొని రోగుల పండ్లు పెరికించెను, టాన్సిల్స్ తీయించెను, చాలనిచో ప్రేగులో భాగమును కోయించెను. ఎందరో మరణించిరి. తన కుమారులకు సైతము పండ్లు తీయించెననిన ఆయన నమ్మకమును శంకింప వీలులేదు. నమ్మకము నిజమైనను లెక్క తప్పు. సోకు మనసును చెరచుట కలదనుట వేరు, చెడిన ప్రతి మనసు వెనుకను సోకు కలదనుట వేరు. ఈ వ్యత్యాసము నేటి తలిదండ్రులకును అవసరమే కనుక ఇంత చెప్పితిని.

అదే కాలమున మరియొక వింత వ్యాధి వచ్చినది. 1917లో వియన్నా వైద్యుడు ఫాన్ ఎకనోమో దానిని నిద్రవ్యాధియని వర్ణించెను. దాదాపు పదేండ్లు లోకమంతట తిరిగి అది మాయమైనది. కారణము నేటికిని తేలలేదు. బ్రతికి బయటపడిన పిల్లలలో కొందరు, అంతవరకు సాధువులైనవారు, అబద్ధములాడుట, దొంగిలించుట, కొట్టుట, రాత్రులు నిద్రపోకుండుట మొదలైనవి చేయసాగిరి. ఇంగ్లండులో వించ్‌మోర్ హిల్ అను చోట అట్టి పిల్లలకై 1925లో ప్రత్యేక విభాగమునే తెరచిరి. మెదడుకు తగిలిన దెబ్బ బాలుని నడవడిని మార్చివేయగలదని లోకము కన్నులార చూచినది అప్పుడే.

కోరియాకు కారణమైన క్రిమి స్ట్రెప్టోకాకస్. 1933లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ అను విదుషి వీనిని తెగలుగా విభజించెను. గొంతును పట్టునది ప్రధానముగా మొదటిదైన ఎ తెగ. గొంతు వాచిన రెండు మూడు వారములకు కీళ్లవాత జ్వరము వచ్చును గనుక ఆ సంబంధము తేలికగనే బయటపడినది. కోరియా పిల్లల విషయముననే చిక్కు వచ్చినది. వీరి గొంతు పరీక్షించిన క్రిమి లేదు. రక్తములో దాని యానవాళ్లును తరచుగా అల్పమే. అందుచేత దీనికిని క్రిమికిని సంబంధము లేదనిన పెద్దలును కలరు. 1956లో న్యూయార్కు సమీపమున పనిచేసిన తరాంతా, స్టాలర్‌మన్ అను వైద్యులు ఆ ముడి విప్పిరి. కోరియా గొంతునొప్పికి ఆరునెలల తరువాత సైతము రావచ్చును. వైద్యుడు వెదకునప్పటికి ఆనవాళ్లు చెరగిపోయి యుండును. దొంగ లేడని కాదు, పోలీసులు ఆలస్యముగా వచ్చిరి.

జరుగునదేమి? క్రిమితో పోరాడుటకు మన రక్తము ప్రతిరక్షకములను తయారుచేయును. స్ట్రెప్టోకాకస్ పైపొరలోని కొన్ని పదార్థములు మన శరీరములోని పదార్థములను పోలియుండును. శత్రువును కొట్టవలసిన యాయుధము పోలికచేత మోసపోయి మనవారినే కొట్టును. గుండెలో తగిలిన కవాటములు చెడును. మెదడు లోతట్టున కదలికలను, అలవాట్లను అదుపుచేయు నాడీకణముల ముద్దలకు తగిలిన చేతులు ఆడును. 1976లో హస్బీయు ఆతని సహచరులును కోరియా పిల్లల రక్తములో అట్టి ప్రతిరక్షకములను చూపిరి. 2003లో అమెరికాలో కిర్వన్, కన్నింగ్‌హామ్ ప్రభృతులు అట్టి ప్రతిరక్షకము నాడీకణమునకు తప్పుడు సంకేతములు పంపునని పరిశోధనశాలలో నిరూపించిరి.

ఇంతవరకు కదలికల కథ. మనసు కథను చేపట్టినది అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థలోని సూసన్ స్వీడో అను పిల్లల వైద్యురాలు. కీళ్లవాత జ్వరము వచ్చిన పిల్లలలో కోరియా కలవారిని, లేనివారిని పోల్చి చూచి, కోరియా కలవారికే అర్థములేని తలంపులు వెంటాడుట, చేతులు మరల మరల కడుగుకొనుట, గడియ వేసితినా యని పలుమారులు చూచుకొనుట మొదలగునవి హెచ్చుగా నున్నవని 1989లో ప్రకటించెను. అట్లయినచో వణకు లేకుండ ఈ చేష్టలే గొంతునొప్పి వెంట వచ్చు పిల్లలు ఉండరా? ఉందురని 1998లో 50 మంది పిల్లల వృత్తాంతముతో ఆమె వ్రాసెను. దానికి పాండాస్ అని పేరు పెట్టిరి. నిన్నటిదాక ఆడుకొనిన పిల్లవాడు ఒకటి రెండు దినములలో మారిపోవుటయే దాని గురుతు. కన్నులార్పుట, మెడ విసరుట, తల్లిని క్షణమైనను వదలకుండుట, అక్షరములు వంకరపోవుట, పక్క తడుపుట, పదే పదే మూత్రమునకు పోవుట దానితో కలిసి వచ్చును. 2012లో స్ట్రెప్టోకాకస్ కాక ఇతర కారణములకును చోటిచ్చి పాన్స్ అను విశాలమైన పేరు పెట్టిరి.

ఈ పాండాస్ విషయమున వైద్యలోకములో వివాదము తీరలేదు. 2008లో కుర్లాన్ బృందము రెండేండ్లపాటు పిల్లలను వెంబడించి, లక్షణములు ముదిరిన సందర్భములలో గొంతు సోకుతో ముడిపడినవి చాల కొద్ది యని తేల్చెను. ప్రతిరక్షకముల నెక్కించు ఖరీదైన చికిత్స 1999 నాటి పరీక్షలో గొప్ప ఫలితము నిచ్చెను. 2016 నాటి పరీక్షలో ఉత్తుత్తి మందుకంటె స్పష్టముగా మేలనిపించుకొనలేదు. 2017లో డెన్మార్కు దేశపు పది లక్షలకు పైబడిన బాలబాలికల లెక్కలు వెలువడినవి. స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి వచ్చినవారికి చాదస్తపు చేష్టల వ్యాధి వచ్చు నవకాశము సుమారు ఒకటిన్నర రెట్లని అవి చెప్పినవి. ఇతర గొంతునొప్పులకును కొంత పెరుగుదల కనబడినది. ఒకటిన్నర రెట్లనగానే బెదరనక్కరలేదు. ఈ వ్యాధి సహజముగనే అరుదు. అరుదైనదానికి ఒకటిన్నర రెట్లును అరుదే. గొంతునొప్పి వచ్చిన పిల్లలలో అత్యధికులకు ఏమియు కాదు.

కాని సిడెన్‌హామ్ కోరియా విషయమున వివాదము లేదు. కీళ్లవాత జ్వరము సంపన్న దేశములలో చాలవరకు సమసినను, ఇరుకిండ్లు గల మన దేశమున సమసిపోలేదు. పిల్ల చేతిని మీ చేతిలో పెట్టి గట్టిగా పట్టుకొమ్మనుడు. పాలు పితుకునట్లు పట్టు బిగియుచు సడలుచు నున్నచో, నాలుక చాపమనినప్పుడు నిలువక లోపలికి పోవుచున్నచో, నిద్రలో ఈ కదలికలన్నియు ఆగిపోవుచున్నచో జాగుచేయక వైద్యునికడకు కొనిపోవలయును. వణకు కొన్ని నెలలలో తనంత తానే తగ్గుట కలదు. అందువలననే కొందరు తలిదండ్రులు మొక్కుబడి ఫలించినదని ఊరకుందురు. ఆలోపల గుండె కవాటము చప్పుడు లేకుండ చెడుచుండవచ్చును. గుండెను పరీక్షింపనిది, మరల సోకు రాకుండ పెన్సిలిన్ మొదలిడనిది చికిత్స ముగిసినట్లు కాదు.

వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న, గడచిన ఆరు మాసములలో గొంతునొప్పి వచ్చినదా యని. దానికి జవాబు ఏ పరీక్షలోను పూర్తిగా దొరకదు. తల్లి జ్ఞాపకములో దొరకవలసినదే. నేనెరిగిన యొక యిల్లాలు పాలవాని లెక్క వ్రాయు క్యాలెండరు మీదనే పిల్లల జ్వరములు, గొంతునొప్పులు, దద్దురులు తేదీల ప్రక్కన గురుతు పెట్టెడిది. చుట్టపక్కాలు చూచి నవ్వెడివారు. కోరియా వచ్చిన పిల్లకు మూడు నాలుగు వారములకొక మారు, ఏండ్ల తరబడి, పెన్సిలిన్ సూదిమందు పడవలసి యుండును. ఆ తేదీలకును ఆ క్యాలెండరు మీద చోటున్నది.