ముగుమో చెట్టు మీద మంచె

చెట్టు మీద మాటు వేసే వేటగాడికి తుపాకీ కన్నా ముందు చెట్టు తెలియాలి. ఎండుకొమ్మ కూడా పచ్చికొమ్మలాగే కనిపిస్తుంది. కాలు మోపాక గానీ పెళుక్కుమనదు. అందుకని మెట్లుగా కట్టే అడుగుకర్రలకు పచ్చికర్రే నరుకుతారు. కాండానికి ఆనించి బిగించి కడతారు. కాలు కర్ర చివర కాకుండా కట్టు పక్కనే మోపమంటారు. రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడైనా ఎప్పుడూ పట్టు మీద ఉండాలి. ఎక్కేటప్పుడు వెలుగుంటుంది, ఒంట్లో ఊపూ ఉంటుంది. దిగేసరికి చీకటి, కొయ్యబారిన కాళ్ళు. మెట్టు నమ్మదగిందో కాదో తేలేది అప్పుడే.

ఈ విద్యలో జిమ్ కార్బెట్‌కు సాటి వచ్చేవాళ్ళు అరుదు. 1875లో నైనితాల్లో పుట్టాడు. కాలాఢూంగీ అడవుల్లో పెరిగాడు. మొకామా ఘాట్‌లో రైల్వే సరుకులు మార్చే కాంట్రాక్టు చేస్తూ, మనుషుల్ని తినే పులి ఎక్కడైనా జనాన్ని పీడిస్తోందని కబురొస్తే వెళ్ళేవాడు. కట్టిన మంచె లేకపోయినా ఉత్త కొమ్మ మీదే రాత్రంతా కూర్చోగలిగేవాడు.

1910లో పనార్ చిరుత కోసం కూర్చున్నది ఒక ముసలి ఓక్ చెట్టు మీద. ఆ చెట్టు కొండ నుంచి బయటికి ఒరిగి ఉంది. ఒరిగి ఉంది కాబట్టే ఎక్కడం తేలికైంది. అతనికి తేలికైతే చిరుతకూ తేలికే. ఆ చిరుత అప్పటికే నాలుగు వందల మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. కార్బెట్ పొడుగాటి ముళ్ళకొమ్మలు నరికించి, మోపులుగా కాండానికి తాళ్ళతో గట్టిగా కట్టించాడు. వాటి కొసలు చంకల కింద ఇరికించుకుని కూర్చున్నాడు. చీకటి పడింది. ముళ్ళమోపు ఒక్కసారి గుంజుకుంది. చిరుత కింద కొమ్మల మొదళ్ళు నోట కరిచి లాగుతోంది. లాగినప్పుడల్లా పైన ఉన్నవాడు చెట్టుకేసి ఒత్తుకుపోతున్నాడు. అంత దగ్గరికి వచ్చిన చావును తప్పించింది ఆ ముళ్ళే. ఆ చిరుత కథ కార్బెట్ చేతిలోనే ముగిసింది. మనిషి ఎక్కగలిగిన దారిన మృగమూ ఎక్కగలదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

1947 వచ్చింది. తెల్లదొరలు వెళ్ళిపోయిన ఇండియాలో తనలాంటివాళ్ళ గతి ఏమవుతుందోనన్న బెంగ అతన్ని పట్టుకుంది. ఛోటీ హల్ద్వానీలో తన భూముల్ని కౌలుదార్లకే వదిలేశాడు. నైనితాల్లో ఇల్లు అమ్మేశాడు. డెబ్బై రెండేళ్ళ వయసులో అక్క మ్యాగీని వెంటబెట్టుకుని కెన్యా ఓడ ఎక్కాడు. అక్కడ ఇంకా బ్రిటిషు జెండాయే ఎగురుతోంది. న్యేరి ఊళ్ళో ఔట్‌స్పాన్ హోటల్ ఆవరణలో ఒక చిన్న ఇంట్లో దిగారు.

ఆ హోటల్ యజమాని ఎరిక్ షెర్‌బ్రూక్ వాకర్. తన భార్య ముచ్చటపడితే 1932లో అబర్‌డేర్ అడవిలో ఒక పెద్ద ముగుమో చెట్టు మీద గది కట్టించాడు. ముగుమో మర్రిజాతి చెట్టు, కికుయు జనానికి దేవతాస్థానం. కింద నీటిమడుగు. రాత్రిపూట ఏనుగులూ ఖడ్గమృగాలూ అక్కడికి నీళ్ళకు వచ్చేవి. తుపాకీ పేల్చకుండా మంచె మీంచి జంతువుల్ని చూసే చోటు అది. పేరు ట్రీటాప్స్. మడుగు దాకా కాలిదారే గతి. ఏనుగు ఎదురైతే ఎక్కేందుకు దారి పక్క చెట్లకు నిచ్చెనమెట్లు కొట్టి ఉంచారు. చివర ముప్ఫై అడుగుల నిచ్చెన. మెట్ల విషయంలో వాకర్ ఏ లోటూ చేయలేదు.

1952 ఫిబ్రవరి 5 మధ్యాహ్నం యువరాణి ఎలిజబెత్ భర్తతో వచ్చింది. మంచె కప్పు మీద తెల్ల దిండుగలీబు ఎగురుతోంది; ప్రమాదం ఉందని చెప్పే గుర్తది. నిచ్చెనకు కాస్త దూరంలో ఏనుగుల మంద. ఆమె ఆగలేదు, వచ్చి మెట్లెక్కేసింది. ఆ రాత్రి అతిథులు పడుకున్నాక, డెబ్బై ఆరేళ్ళ కార్బెట్ తుపాకీతో నిచ్చెన పైమెట్టు మీద కాపలా కూర్చున్నాడు. పైకి వచ్చే దారి ఒక్కటే కాబట్టి ఆ ఒక్కదాన్నీ కాశాడు. ఆ రాత్రే లండన్‌కు దూరంగా సాండ్రింగ్‌హామ్‌లో ఆరో జార్జి నిద్రలోనే పోయాడు. యువరాణిగా చెట్టెక్కిన పిల్ల మర్నాడు రాణిగా దిగిందని కార్బెట్ అక్కడి అతిథుల పుస్తకంలో రాశాడు. ఆ రాతను లోకమంతా మురిపెంగా చెప్పుకుంది.

కానీ ఆ చెట్టు నాటుకున్న నేల సంగతి వేరు. తెల్ల రైతుల సేద్యానికని కికుయుల భూములు ఏనాడో పోయాయి. తాతలు దున్నిన మడిలోనే మనవలు కూలికి పోయే రోజులు వచ్చాయి. ఆ కసి మౌమౌ తిరుగుబాటై రాజుకుంది. రాణి వెళ్ళిన తొమ్మిదో నెలలో, అక్టోబరులో ఎమర్జెన్సీ ప్రకటించారు. అబర్‌డేర్ అడవి తిరుగుబాటుదార్ల స్థావరమైంది. ఏనుగుల్ని చూసిన మంచె మీద సైనికులు మనుషుల కోసం మాటు వేశారు. ఆ ఎమర్జెన్సీలో ప్రభుత్వం ఉరితీసినవాళ్ళే వెయ్యిమందికి పైగా.

1954 మే 27న ట్రీటాప్స్ తగలబడింది. నిప్పుపెట్టింది మౌమౌ దళం. గది పోయింది, నిచ్చెన పోయింది, ముగుమో చెట్టూ పోయింది. చిరుతకు అడ్డంగా కట్టిన ముళ్ళు ఈ నిప్పుకు అడ్డం రావు. వచ్చినవాళ్ళకు ఆ అడవి పుట్టిల్లు.

కార్బెట్ ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. ట్రీటాప్స్ మీద చిన్న పుస్తకం రాయడం ముగించి, 1955 ఏప్రిల్ 19న గుండె ఆగి పోయాడు. న్యేరి చర్చి ఆవరణలోనే పూడ్చారు. 1957లో మడుగు అవతలి గట్టున గుంజల మీద పెద్ద హోటల్ లేచింది. అదే ఏడాది తిరుగుబాటు నాయకుడు దెదాన్ కిమాథిని నైరోబీలో ఉరితీశారు. ఏడేళ్ళు తిరక్కుండానే, 1963 డిసెంబరులో కెన్యాలో బ్రిటిషు జెండా దిగింది.

కొమ్మ బలం చూడటంలో కార్బెట్ ఎన్నడూ పొరపడలేదు. దేశాన్ని ఎంచుకోవడంలో పొరపడ్డాడు. అతను వదిలి వచ్చిన ఇండియాలో కౌలుదార్లు అతన్ని పేరు పెట్టి తలుచుకుంటూనే ఉన్నారు. అతను పోయిన కొద్దికాలానికే, స్వతంత్ర ఇండియా రామ్‌గంగా ఒడ్డున ఉన్న తన మొదటి జాతీయ పార్కుకు కార్బెట్ పేరు పెట్టుకుంది. నమ్మాల్సిన చోట భయపడ్డాడు, భయపడాల్సిన చోట నమ్మాడు.