ఫిలిప్పీను దీవుల వంటలు



నాతవరమున తాండవ జలాశయపు నీటితో వరి పండించుకొను మనకు, సముద్రముల కావల నున్న ఫిలిప్పీను దీవుల వంటతో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. పని కలదు. కొన్ని యేండ్లుగా తెలుగునేలనుండి బాలబాలికలు పెక్కుమంది ఆ దీవులలోని దావావు నగరమునకు వైద్యవిద్యకై పోవుచున్నారు. ఆ పోకతోడనే పల్లెలలో ఒక అపవాదు పుట్టినది. "ఆ దేశమున కుక్కలను, పాములను తిందురట. అచటి కూడు తిన్న పిల్లలు మన యిండ్లలో నెట్లు ఇముడుదురు?" అని రచ్చబండలపై ననుకొనుట నేను వింటిని.

మా తమ్ముని కుమార్తె ఆ నగరమున చదువు ముగించుకొని వచ్చినది. ఒక మంచి సంబంధము నిశ్చయము కావలసి యుండగా, "అక్కడ ఏమి తిన్నదో యేమో" యను ఒక్క మాటపై వెనుకకు పోయినది. ఆ మాట యన్నవారెవ్వరును ఆ దేశపు భోజనమును కన్నవారు కారు. తెలియని దానిని దూషించుట విచారణ యనిపించుకొనదు. కావున నేను చదివి తెలిసికొన్నదియు, మా యింట రుచి చూచినదియు, రెండేండ్ల క్రిందట ఆ దీవులలో కన్నులార చూచినదియు మీకు మనవి చేయుదును.

మొదట ఆ దేశపు పూర్వచరిత్రమును గూర్చి నాలుగు మాటలు. ఫిలిప్పీనులు 7,000కు పైబడిన దీవుల సమూహము. 1521లో మెగెల్లను అను నావికుడు అచ్చటికి వచ్చెను. 1565 మొదలు 1898 వరకు స్పెయినువారును, తరువాత అమెరికావారును ఏలిరి. 1946లో స్వాతంత్ర్యము వచ్చెను. అంతకు బహుకాలము ముందే, మలయు ద్వీపముల మార్గమున మన సంస్కృత వాఙ్మయపు గాలి అటు సోకినది. మనీలాకు చేరువ లగునా ప్రాంతమున ఒక రాగిరేకు దొరకినది. దానిపై శకవర్షము 822, వైశాఖ మాసము, కృష్ణపక్ష చతుర్థి, సోమవారము అని తిథి చెక్కబడి యున్నది. అనగా అది క్రీ. శ. 900 నాటిది. ఒక కుటుంబపు బంగారు ఋణము తీరిపోయినదని అందలి విషయము. మన పంచాంగమును ఎరిగిన ఏ పెద్దకైనను ఆ తిథి చదువుటకు దుబాసి అక్కరలేదు.

ఆ సంబంధము వంటయింటి మాటలలో నేటికిని నిలిచి యున్నది. వారి తగలోగు భాషలో రుచిని 'లాస' యందురు. అది మన 'రస' శబ్దమే, మలయు భాష ద్వారా పోయినది. పెసలు వారికి 'ముంగో'. మునగ వారికి 'మలుంగాయ్'. ఊరవేసిన కాయగూరలు 'అచార'. సంస్కృతమున పటోలమన్న మనకు పొట్లకాయ స్ఫురించును. వారు 'పతోల' యన్నచో బీరకాయ. పేరు ఓడ యెక్కి కాయను మార్చుకొన్నది.

అన్నిటికంటె నాకు విస్మయము గొలిపినది అన్నమును గూర్చిన వారి మాటల పొందిక. ఇంగ్లీషువానికి వడ్లును, బియ్యమును, అన్నమును ఒక్క 'రైసు' మాటతో సరిపోవును. తెలుగువానికి సరిపోదు. ఫిలిప్పీనువానికిని సరిపోదు. అతనికి వడ్లు 'పాలాయ్', బియ్యము 'బిగాస్', అన్నము 'కానిన్'. రాత్రి మిగిలిన చద్దియన్నము 'బాహావ్', అడుగంటిన మాడు 'తుతొంగ్', పసిబిడ్డలకు పోయు గంజి 'ఆమ్', రోగికిచ్చు జావ 'లుగావ్'. ఉదయమున చద్దియన్నమును పారవేయక వెల్లుల్లితో వేయించి తిందురు. దానిని 'సినంగాగ్' అందురు. ఇన్ని పేర్లు పెట్టుకొన్న జాతి అన్నమును దైవముగా నెంచునదే గాని, కంటబడిన దెల్ల తినునది కాదు.

ఇక వంటల మాట. మా తమ్ముని కుమార్తె సెలవులకు వచ్చినపుడు, "పెదనాన్నా, నేడు నేను వండెదను, మీరు తిని చెప్పుడు" అని పొయ్యి యొద్దకు పోయినది. పెసలు మెత్తగా నుడికించి, వెల్లుల్లి, ఉల్లి, టమాట నూనెలో మగ్గించి అందు కలిపి, దింపుటకు ముందు గుప్పెడు మునగాకు వేసినది. ఆవాలు లేవు, పసుపు లేదు. మా ఇంటామె, "ఇది పోపు మరచిన పప్పు" అన్నది. కాని రెండవమారు వడ్డించుకొన్నది. అచటి క్రైస్తవులు ఉపవాస దినములలో, శుక్రవారమునాడు మాంసము మాని ఈ పెసరకూరనే తినుట వాడుక. మరునాడు చింతపండు పులుసులో వంకాయ, ముల్లంగి, తూటికూర వేసి 'సినిగాంగ్' కాచినది. కారమును ఇంగువయు లేని మన పులుసే యది. చేమ ఆకులను కొబ్బరిపాలలో మిరపకాయలతో నుడికించు 'లయింగ్' అను కూర బికోల్ ప్రాంతపుది. మన గోదావరి తీరపు వారికిని అది కొత్తగా తోచదు.

ఉన్నదంతయు మనకు సరిపడునని నేను చెప్పను. మనీలాలోను దావావులోను నేను చూచినంతలో, మాంసమో చేపయో తగులని వంటకము అరుదు. కూరగాయల కూరయైనను రొయ్యలను ఊరవేసిన 'బాగోఓంగ్' అను ముద్దతోనో, చేపలనుండి తీసిన 'పాతీస్' అను ఉప్పునీటితోనో వండుదురు. శాకాహారి అడిగి తెలిసికొని తినవలెను. అడిగిన వారిపై వారు విసుగుకొనరు. పెసరకూరలో ఏమియు కలుపలేదని ఒక పూటకూళ్ల యింటి ముసలామె నాకు కుండ తెచ్చి చూపినది. కుక్కమాంసము మాట కూడ చెప్పవలెను. కొండజాతుల మతాచారములకు తప్ప, కుక్కలను ఆహారమునకై చంపుటను ఆ దేశపు 1998 నాటి చట్టము నిషేధించినది.

వారి వంటలలో ప్రసిద్ధమైన 'అదోబో' మాంసమును పుల్లనీళ్లలో ఉడికించునది. వేడిదేశమున మాంసము చెడకుండుటకు పులుపును ఆశ్రయించిరి. 1613లో అచ్చైన ఒక తగలోగు నిఘంటువులో స్పెయిను సన్న్యాసి యొకడు ఆ దేశీయుల వంటగా దీనిని పేర్కొనెను. పేరు స్పెయినువారిది, పద్ధతి దేశీయులది. పండుగలందు అరటియాకులు పరచి, అందరును కూడి చేతితో తినుట వారికి నేటికిని ఉత్సవము. ఇంటికి వచ్చినవారిని మొదట అడుగు మాట "అన్నము తింటివా?" యనియే. ఈ మాట వినినప్పుడు నాకు నేను దేశాంతరమున నున్నానను స్మృతి తప్పినది.

మనవారు అటు పోవుట నేటితో మొదలు కాలేదు. 1762లో ఇంగ్లీషువారు చెన్నపట్టణమునుండి నౌకాసైన్యమును పంపి, అక్టోబరు 6వ తేదీన మనీలాను పట్టుకొనిరి. ఆ సేనలో మన దేశపు సిపాయీలు వందలకొలది ఉండిరి. 1764లో ఇంగ్లీషువారు వెడలిపోగా, కొందరు సిపాయీలు మరలిరాక, మనీలాకు సమీపమున కాయింతా యను గ్రామమున స్థిరపడి, అచటి స్త్రీలను పెండ్లాడిరి. వేరుసెనగ పిండితో చిక్కగా వండు 'కారె కారె' యను వంటకము ఆ సిపాయీల 'కరి' నుండి పుట్టినదని అక్కడివారు చెప్పుకొందురు. అది మాంసపు వంట గనుక రుచిని నేను చెప్పజాలను. ఆ పేరు మాత్రము నా చెవికి పరాయిదిగా వినబడలేదు.

ఆ వేరుసెనగ ఆ దీవులకు చేరిన త్రోవయు వినదగినది. 1565 మొదలు 1815 వరకు మెక్సికో రేవునుండి మనీలాకు స్పెయిను ఓడలు ఏటేట నడచెను. అవి వెండితో పాటు వేరుసెనగ, జామ, బొప్పాయి, సపోటా మొదలగు అమెరికా మొక్కలను తెచ్చెను. వానిలో ఒకటి మన పొలముల కంచెలలో పెరుగు సీమచింత. ఇంగ్లీషువారు దానిని 'మనీలా చింత' యందురు. సామర్లకోటలో నుండి మొక్కలను పరిశోధించిన రాక్సుబర్గు పండితుడు, 18వ శతాబ్దాంతమున తన కోరమండల వృక్షగ్రంథమున దీనిని వర్ణించెను. మన పిల్లలు కఱ్ఱలతో రాల్చుకొని తిను ఆ తియ్యని వంకర కాయ, మనీలా పేరు మోయుచున్న చుట్టమే.

పెద్దలారా, కడపట మన అన్నము మాట. 1960లో ఫిలిప్పీనులలోని లోస్ బాన్యోస్ అనుచోట అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలసెను. 1966లో అది 'ఐ.ఆర్. 8' అను పొట్టి వరిని విడుదల చేసెను. ఇండోనేషియా వరితో తైవాను పొట్టి వరిని సంకరపరచి దానిని పుట్టించిరి. పొడుగు వరి ఎరువు వేసినచో నేలకు ఒరిగిపోవును, ఇది ఒరుగదు. 1967లో పశ్చిమ గోదావరి సీమలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారను రైతు దీనిని సాగుచేసి పేరొందెను. నా బాల్యమున మా యింటను ఆ అన్నము వండిరి. గింజ లావు, చల్లారినంతనే బిరుసెక్కెడిది. ఇంటిల్లిపాదియు సణుగుకొనుచునే కడుపునిండ తింటిమి.

ఆ ఋణమును మనమును కొంత తీర్చితిమి. మన మార్టేరులో పుట్టిన 'స్వర్ణ' వరి లోస్ బాన్యోసునకు పోయినది. ఒరిస్సా దేశవాళీ వరినుండి ముంపునకు ఓర్చు గుణమును అచ్చట దానికి చేర్చిరి. అది 2009లో 'స్వర్ణ సబ్ 1' అను పేర మన దేశమున విడుదలయైనది. వరద నీట రెండు వారములు మునిగినను తేరుకొను పైరది. విత్తనము ఇట్లు ఆ దేశమునకు పోయి తిరిగివచ్చిన పుడు, దానికి ప్రాయశ్చిత్తము చేయింపుడని యే పెద్దయు అడుగలేదు.

నేను కోరునది ఇంతియే. మనీలా పేరు గల కాయను మన పిల్లలకిచ్చితిమి. ఆ దీవుల విత్తనమును మన మడిలో చల్లి, పండిన బియ్యమును దేవునికి నివేదించి తింటిమి. ఆ నేలపై ఆరేండ్లు మునగాకు పప్పును, చింతపులుసును తిని, వైద్యము నేర్చి వచ్చిన ఆడుబిడ్డను మాత్రము వేరుగా చూచుట న్యాయమా? బిడ్డలను పంపు తల్లిదండ్రులు అచటి భోజనమును గూర్చి పంపకముందే విచారించి, ఏది తినదగునో ఏది విడువదగునో వారికి చెప్పి పంపుడు. తిరిగివచ్చిన పిమ్మట పెండ్లిచూపులలో వారి చదువును, గుణమును అడుగుడు. వారు తిన్న అన్నమును గూర్చి అడుగవలసి వచ్చినచో, మొదట మన కంచములోని మెతుకు ఏ నేలనుండి వచ్చినదో విచారింపుడు.