కడుపుకోత

ఆకలి మందగించడంతో మొదలయ్యేది. ఇష్టమైన కూర వండినా నాలుగు చెంచాలకే చాలనేవారు. పనిచేసి అలసిపోయారనుకునేవారు ఇంట్లోవాళ్లు. నొప్పి వచ్చి ఆస్పత్రికి వెళ్లేసరికి రోజులు లెక్కపెట్టుకోవడమే మిగిలేది.

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో సముద్రపు ఒడ్డునున్న టౌరంగాలోని ఒక కుటుంబం కథ ఇది. అక్కడి మూలవాసులైన మావోరీలు. 30 ఏళ్లలో 25 మందికి పైగా కడుపు కాన్సర్‌తో పోయారు. అందరికంటే చిన్న ప్రాణానికి 14 ఏళ్లు. ఇంకా బడి వయసు!

పెద్దవాళ్లలో కొందరు దాన్ని 'మాకుతు' అన్నారు. అంటే శాపం. ఒకే గడపలోంచి వరసగా శవాలు లేస్తుంటే మన ఊళ్లో మాత్రం ఏమంటాం? 'ఆ ఇంటికి ఏదో తగిలింది' అనమూ? 1964లోనే ఒక డాక్టరు ఈ కుటుంబం గురించి అక్కడి వైద్య పత్రికలో రాశారు. కారణం మాత్రం దొరకలేదు. చావులూ ఆగలేదు.

ఆ ఇంటి ఆడబిడ్డ ఒకామె నర్సు. వార్డుల్లో ఎందరి మరణాలో చూసిన మనిషి. 1990ల మధ్యలో ఆమె, బంధువులు కలిసి దక్షిణ దీవిలోని డునెడిన్‌కు, ఒటాగో విశ్వవిద్యాలయానికి కబురు పెట్టారు. పరిశోధకులు రోగులను వెతుక్కుంటూ రావడం మామూలు. ఇక్కడ రోగులే పరిశోధకులను వెతుక్కుంటూ వెళ్లారు. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

మావోరీలకు నెత్తురు, శరీరంలోని కణజాలం పవిత్రం. ఎవరికి పడితే వారికి ఇచ్చేవి కావు. అందుకే నమూనాలిచ్చి చేతులు కట్టుకుని కూర్చోలేదు ఆ కుటుంబం, పనిలో భాగస్వామి అయింది. ఎవరి బిడ్డ ఎవరో తరాలవారీగా చెప్పుకునే 'ఫకపాపా' వాళ్ల సంప్రదాయం. ఆ వంశవృక్షాన్ని ముందు పెట్టుకుని ప్యారీ గిల్‌ఫర్డ్ బృందం జబ్బుపడ్డవాళ్లందరిలో ఉమ్మడిగా దిగివస్తున్నదేమిటో వెతికింది. 16వ క్రోమోజోము దగ్గర ఆగింది. అక్కడ సీడీహెచ్1 అనే జన్యువుంది. కణానికి కణాన్ని అతికించి ఉంచే ఈ-కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేయడం దాని పని. గోడలో ఇటుకల మధ్య సున్నం లాంటిదది. జబ్బుపడ్డవాళ్లలో ఆ జన్యువు రాతలో 'జి' ఉండాల్సిన ఒక్కచోట 'టి' ఉంది. అక్షరం తేడా, అంతే. సున్నం రాలిన ఇటుకల్లా కణాలు విడివిడిగా జారిపోతున్నాయి.

1998లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. రచయితల జాబితాలో శాస్త్రవేత్తల పక్కనే ఆ ఇంటివాళ్ల పేర్లూ ఉన్నాయి.

ఇక అసలు పరీక్ష మొదలైంది. తల్లికో తండ్రికో ఆ జన్యులోపముంటే బిడ్డకు రావడానికి సగం అవకాశం. ఉందని తేలిందే అనుకోండి, ఎండోస్కోపీనీ పూర్తిగా నమ్మలేం. ఈ రకం కాన్సర్ పుండులా పైకి తేలదు, గడ్డలా కనపడదు. లోపలి పొర కింద చాప కింద నీరులా పాకుతుంది. కాబట్టి అప్పట్లో మిగిలిన దారి ఒకటే: జబ్బు ఇంకా కనపడని కడుపును మొత్తంగా తీసేయించుకోవడం. ఏ బాధా లేని, కడుపారా తింటున్న పాతికేళ్ల మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల దుఃఖానికి మనం కడుపుకోత అని పేరు పెట్టుకున్నాం. ఆ దుఃఖం మళ్లీ ఇంటికి రాకూడదని వీళ్లు నిజంగానే కడుపు కోయించుకున్నారు.

తీసిన కడుపును ప్రయోగశాలలో కోసి బల్ల మీద పరిస్తే గులాబీరంగు మడతలతో నవనవలాడుతుంటుంది. దీన్నా తీసేసింది అనిపిస్తుంది. దాన్ని ముక్కముక్కగా కోసి, పలుచని పొరలు తీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. అప్పుడు కనిపిస్తాయి అవి. లోపల జిగురు నిండి, కేంద్రకం ఓ పక్కకు ఒత్తుకుపోయి, అచ్చం రాయి పొదిగిన ఉంగరంలా ఉన్న కాన్సర్ కణాలు. ఇలా ముందుగానే తీసిన కడుపుల్లో చాలావాటిలో ఆ ఉంగరాల గుంపులు అప్పటికే ఉన్నాయి.

ఈ జన్యులోపమున్న మగవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోగా నూటికి 70 మందికి కడుపు కాన్సర్ వస్తుందని ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. తర్వాతి అధ్యయనాల్లో ఆ అంకె 40 దగ్గరికి దిగింది. ఆడవాళ్లకు రొమ్ము కాన్సర్ ముప్పు కూడా ఉంది. కడుపు కాన్సర్ అంకె తగ్గడంతో ఇప్పుడు కొందరు ఆపరేషన్ వాయిదా వేసుకుని, అనుభవమున్న వైద్యుల దగ్గర ఏటేటా ఎండోస్కోపీ, ముక్క పరీక్ష చేయించుకుంటున్నారు.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కష్టం వేరు. అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలిపేస్తారు. తీపి ఒక్క ముక్క ఎక్కువైతే చెమటలు, గుండెదడ. బీ12 ఇంజెక్షన్లు జీవితాంతం. ఒళ్లు కరిగిపోతుంది, పాత బట్టలు వేలాడతాయి. అద్దంలో ముఖం ఎవరిదోలా ఉంటుంది. జబ్బు రాకుండా చూసుకున్న మనిషినే పట్టుకుని 'ఏం జబ్బు చేసింది?' అని అడుగుతారు. ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో అడిగేవారికి తెలియదు. జన్యువు గురించి చెప్పినంత శ్రద్ధగా ఈ అద్దం గురించి కూడా ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి చెప్పాలి. అది కూడా వైద్యమే.

ఆకలిని పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కడుపులోనే. అది లేకపోయాక ఆకలి చాలామందిని తనంతట తాను పలకరించదు. అందుకని ఫోన్లో అలారాలు పెట్టుకుంటారు. పొద్దున్నించి రాత్రి దాకా ఆరుసార్లు. మోగగానే చేతిలో పని ఆపి, చిన్న పళ్లెంలో సగం రొట్టె ముక్క పెట్టుకుని, మెల్లగా నములుతూ కూర్చుంటారు.